బతికున్నాయన జ్ఞాపకార్థం

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో నాది గాజుల కొట్టు. పక్కది జోగేశ్వరరావు గారి స్టీలు సామాన్ల కొట్టు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ, అదీ సన్నటిది. ఆ ఇంటి గొప్పలు నాకు ఎవరూ మోసుకొచ్చి చెప్పక్కర్లేదు, కూర్చున్న చోటికే వస్తాయి. వాళ్ళబ్బాయి సురేష్‌బాబు గురించి ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు కాబట్టి, గోడ ఇవతల కూర్చుని అంతా విన్నదాన్ని నేనూ చెబుతాను.

సురేష్‌బాబుకి నలభై దాటింది. గిన్నెల మీద పేర్లు వేస్తాడు. మా వైపు గిన్నె కొని దాని మీద పేరు వేయించుకోకుండా ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు తక్కువ. పెళ్ళిలో పంచినా, గృహప్రవేశంలో పంచినా, పెద్దకర్మ నాడు పోయినవారి పేరున పంచినా, అంచు మీద అక్షరాలు ఉండాల్సిందే. పేర్లు వేసే ఆ చిన్న మిషను చేతిలోకి తీసుకున్నాడంటే సురేష్‌బాబుకి అన్నం కూడా గుర్తుండదు. ముత్యాల్లాంటి అక్షరాలు. మిషను కింద పెట్టాడంటే మాత్రం మరో మనిషి. కుక్కరు చూపిస్తూ చూపిస్తూ ఫోనులో ఎవరికో సమాధానం చెప్పి, అటునుంచి అటే గోడౌనులోకి పోతాడు. కుక్కరు అడిగిన మనిషి విసుగెత్తి నా కొట్లోకొచ్చి కూర్చుంటుంది. బళ్ళో పిల్లలు అతనికి పెట్టిన పేరు 'గాలి'. పెద్దయ్యాక తండ్రి దాని చివర 'వెధవ' చేర్చారు.

ఆ తండ్రిగారికి క్రమశిక్షణంటే ప్రాణం. ఇతరుల క్రమశిక్షణ. ఆయన ఇంట్లోంచి బయలుదేరితే భార్య మీనాకుమారి గారు కళ్ళజోడు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో, చంకలో గొడుగుతో వీధి మలుపు దాకా పరిగెత్తాలి. దాన్ని చూసి వీధిలో వాళ్ళు అన్యోన్య దాంపత్యమని మురిసిపోయేవాళ్ళు. నాకైతే ఆవిడ ఆయాసమే వినిపించేది.

పోయిన ఏడాది రైసుమిల్లు త్రిమూర్తులు గారి షష్టిపూర్తి వచ్చింది. పంచడానికి గిన్నెలు ఇక్కడే తీసుకున్నారు. అదే వారం ఇంకెవరిదో పెద్దకర్మకి కూడా గిన్నెలు వెళ్ళాలి. సురేష్‌బాబు ముందు రెండు చీటీలున్నాయి. మధ్యలో ఫోను మోగింది, ఎవరో బిల్లు అడిగారు, తండ్రి లోపలినుంచి కేకేశారు. అతను మళ్ళీ మిషను పట్టుకున్నాడు. షష్టిపూర్తి భోజనాలయ్యాక అందరి చేతుల్లోకీ గిన్నెలొచ్చాయి. వాటి మీద 'శ్రీ త్రిమూర్తులు గారి జ్ఞాపకార్థం' అని చక్కగా వేసి ఉంది. త్రిమూర్తులు గారేమో పట్టుపంచె కట్టుకుని పందిట్లో కుర్చీలో ఉన్నారు. మెడలో దండ కూడా ఉంది కాబట్టి పెద్ద తేడా కనిపించలేదు. ఆయన భార్య గిన్నె చదివి ఉన్నచోటే కూలబడింది. నాకూ ఒక గిన్నె వచ్చింది, ఇప్పటికీ అందులోనే పెరుగు తోడేస్తున్నాను.

మర్నాడు త్రిమూర్తులు గారు కొట్టు ముందు నిలబడి ఒంటికాలి మీద లేచారు. దానికి జోగేశ్వరరావు గారు నలుగురిలో తీర్పు చెప్పారు. ధనత్రయోదశి నాడు కొట్టు తాళాలు అల్లుడు రాజేంద్ర చేతిలో పెడతారట. కొడుకు ఇంట్లో కూర్చోవాలట, మిషను ముట్టుకోకూడదట. ఈ రాజేంద్ర ఏ పనిలోనూ నిలిచిన పాపాన పోలేదు, కానీ చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మీదుంటుంది. మామగారికి అది చాలు.

ఆ సాయంత్రం సురేష్‌బాబు నా కొట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. "మిషను తీసేసుకుంటే నేనేం చేస్తానక్కా. నాకొచ్చింది అదొక్కటే" అన్నాడు. నాకు వాళ్ళ నాన్న మీద ఒళ్ళు మండిపోయింది.

అతని భార్య రమ్యశ్రీ మాటలు తక్కువ మనిషి, పని చేసుకుపోతుంది. మొగుణ్ణి కాకినాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఇతని చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, ఇది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం అన్నాడు. బద్ధకం కాదు, పొగరు కాదు, పుట్టినప్పటినుంచీ మెదడు తీరే అంత అని చెప్పి, మందుతో పాటు కౌన్సెలింగ్ కూడా కావాలన్నాడు. రాజమండ్రిలో సాయిప్రసన్న అనే అమ్మాయి ఇలాంటి పెద్దవాళ్ళకే కోచింగ్ మొదలుపెట్టిందని రమ్యశ్రీ కనుక్కుంది.

"పెద్దాళ్ళకి కోచింగేంటమ్మా? టెన్త్ తప్పినోళ్ళకి కదా కోచింగు" అని జోగేశ్వరరావు గారు గోడ అదిరేలా నవ్వారు. నవ్వి ఊరుకున్నారా? కోడలు వెళ్ళి తీరతానంటే, ఇంటి పరువు విషయం కాబట్టి అందరం వెళ్తామన్నారు. సిద్ధాంతి చేత మంచిరోజు పెట్టించి వ్యాను మాట్లాడారు. చేతిలో పూతరేకుల డబ్బా. పెళ్ళిచూపులకి కూడా అంత మంది వెళ్ళరు. "మీరైనా నా పక్కన ఉండండి వదినా" అని రమ్యశ్రీ బతిమాలితే నేనూ ఎక్కాను.

అక్కడ మెత్తటి కుర్చీలు, కుండీల్లో మొక్కలు, గోడ మీద రంగురంగుల మెదడు బొమ్మ. ఆ అమ్మాయిని చూస్తే నిన్నగాక మొన్న కాలేజీ దాటినట్టుంది. నాకూ నమ్మకం కలగలేదు.

"సురేష్ గారూ, పొద్దున్న లేచాక మీకు బాగా కష్టమనిపించేదేంటండి?" అని అడిగింది.

"లేవడమేనమ్మా" అన్నారు జోగేశ్వరరావు గారు.

"మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోతూ ఉంటుందాండి?"

"మొదలెడితే కదండీ" అన్నాడు రాజేంద్ర, చొక్కా మడత సరిచేసుకుంటూ.

సాయిప్రసన్న పెన్ను మూసేసింది. "సురేష్ గారికి ఇంతవరకూ నోరు తెరిచే అవకాశమే రాలేదండి. మీరంతా కాసేపు బయట కూర్చోండి."

"నా కొడుకు సంగతి నాకంటే వాడికెక్కువ తెలుసా?" అన్నారాయన.

"అదే అడుగుదామండి" అంది. అప్పుడు నాకు కాస్త నమ్మకం వచ్చింది.

బయట గదిలో జోగేశ్వరరావు గారు కుదురుగా కూర్చుంటే ఒట్టు. లేచి కిటికీ చూశారు, మెట్లు దిగి వ్యాను చూశారు, రాజేంద్రని సోడాకి పంపి, వాడు తెచ్చేసరికి ఎందుకు తెచ్చావన్నారు. మంచినీళ్ళ దగ్గర కళ్ళజోడు, మెట్ల దగ్గర ఫోను వదిలేశారు. మీనాకుమారి గారు వెనకాలే వెళ్ళి ఒక్కొక్కటీ ఏరుకొచ్చి ఒళ్ళో పెట్టుకుంది. బయలుదేరేముందు ఆవిడ సాయిప్రసన్నని పక్కకి పిలిచి, "ఇది తండ్రి నుంచి కూడా వస్తుందామ్మా?" అని అడిగింది.

"చాలా ఇళ్ళల్లో వస్తుందండి" అందా అమ్మాయి. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో ఆయన క్రమశిక్షణ మీద ఉపన్యాసమిస్తుంటే, వెనక సీట్లో ఆవిడ ఊరు వచ్చేదాకా ఒళ్ళో ఉన్న ఆయన గొడుగునే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత సురేష్‌బాబు వారం వారం ఒక్కడే బస్సెక్కి వెళ్ళొచ్చాడు. అద్భుతాలేమీ జరగలేదు, టీ గ్లాసు ఇప్పటికీ ఎక్కడ పెట్టాడో అతనికి తెలీదు. కానీ పేర్లు వేసే ముందు ఫోను తెచ్చి నా కొట్లో పెడుతున్నాడు. బల్ల మీద ఒక్క చీటీయే ఉంచుతున్నాడు. మొదటి గిన్నె మీద పెన్నుతో రాసి, కొన్నవాళ్ళ చేత పైకి చదివించి, ఆ తర్వాతే మిషను ఆన్ చేస్తున్నాడు. ఒక్క గిన్నె కూడా తప్పు పోలేదు. "గిన్నె మీద పెన్నుతో రాయడానికి రాజమండ్రి వెళ్ళాలా?" అని తండ్రి ఎగతాళి చేశారు. తీర్పు మాత్రం మార్చలేదు.

ధనత్రయోదశి వచ్చింది. మూసిన షట్టరు ముందు పురోహితుడు, కొత్త చొక్కాలో రాజేంద్ర, సాక్షిగా త్రిమూర్తులు గారు, ఇంటివాళ్ళంతా. ముహూర్తం దగ్గరపడింది. జోగేశ్వరరావు గారు జేబులో చెయ్యి పెట్టారు. తర్వాత రెండో జేబులో పెట్టారు.

"మీనా, తాళాలు."

"నా దగ్గర లేవండి."

"మరెక్కడున్నాయి?"

ఆవిడ కొట్టు మెట్టు మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "గుర్తు తెచ్చుకోండి. మీకు మతిమరుపు లేదుగా."

రాజేంద్ర స్కూటరు వెతికాడు, రోడ్డు వెతికాడు. సురేష్‌బాబయితే పాపం మోకాళ్ళ మీద వంగి మురిక్కాలవ పక్కన కూడా చూశాడు, తనని బయటికి పంపే తాళాల కోసం. వర్జ్యం వచ్చేస్తోందని పురోహితుడు గొణిగాడు. జోగేశ్వరరావు గారు అలవాటు కొద్దీ కొడుకు మీద పడ్డారు. "నువ్వే ఎక్కడో పారేసుంటావు, గాలి వెధవా."

మీనాకుమారి గారు లేచి నిలబడింది. "వాడు ముట్టుకోలేదు. మీరే పసుపు రాసి, దేవుడి దగ్గర బియ్యం పళ్ళెంలో పెట్టి మర్చిపోయి వచ్చారు. నేను చూశాను. రోజూ అయితే తెచ్చి ఇచ్చేదాన్ని. వాడు ఒక్క మాట తప్పు వేస్తే బజార్లో నిలబెట్టారు. మీ వెనకాల ఇన్నేళ్ళూ నేను మోసినవి ఎవరికైనా చెప్పానా? మీకు నేనున్నాను కాబట్టి మీరు పెద్దమనిషి. వాడికి ఎవరున్నారండి?"

త్రిమూర్తులు గారే ముందుకొచ్చి, "పోనివ్వండి జోగేశ్వరరావు గారూ. చంపింది నన్ను. నేనే ఏమీ అనుకోవట్లేదు" అన్నారు. ముహూర్తం దాటిపోయిందని పురోహితుడు సంచీ సర్దుకున్నాడు.

"బాబూ, ఇంటికెళ్ళి తాళాలు తెచ్చి షట్టరు తియ్యి. బోణీ వేళవుతోంది" అంది ఆవిడ. సురేష్‌బాబు తెచ్చాడు, తీశాడు. తాళాలు అతని మొలలోనే ఉండిపోయాయి. రాజేంద్ర కొత్త చొక్కా ఇంకో శుభకార్యానికి పనికొస్తుంది.

వారం తిరక్కుండా జోగేశ్వరరావు గారు నా కొట్లోకి వచ్చారు. గాజుల పెట్టె ఒకటి తెరిచారు, మూశారు, ఇంకోటి తెరిచారు. "ఆ రాజమండ్రి అమ్మాయి... మరీ పెద్దాళ్ళకి కూడా చెబుతుందంటావా?" అన్నారు, గోడ అవతలికి వినపడకుండా.

"పెద్దాళ్ళకే కదండీ బాబాయిగారూ చెప్పేది" అన్నాను.

పెట్టె మూసి దిగి వెళ్ళిపోయారు. గొడుగు నా బల్ల మీదే ఉంది. అప్పుడే గాజులకని వచ్చిన మీనాకుమారి గారు దాన్ని చూసింది. నేను తీసి ఇవ్వబోయాను.

"ఉండనీ నాగదుర్గా. కావాలంటే ఆయనే వస్తారు" అంది. బయట వాన మొదలైంది. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, తీరిగ్గా గాజులు ఎంచుకుంది.