నుయ్యి తోడేసిన భక్తి

ఆ రోజుల్లో ఎండ ఎంత కాస్తోందో తెలుసుకోవడానికి మాకు అంకెల అవసరం ఉండేది కాదు. మా నాన్నగారు పెరట్లో నాపరాళ్ళ మీద ఎన్ని అడుగులు నడిచి చెప్పుల కోసం వెనక్కి గెంతుతారో చూస్తే చాలు. మామూలు వేసవిలో ఆరడుగులు వేసేవారు, గట్టి ఎండల్లో నాలుగు. తొంభైల చివర్లో ఒక ఏడాది మాత్రం ఆయన ఒక్క అడుగు వేసి, రెండోది గాలిలోనే ఉంచుకుని వెనక్కి వచ్చేశారు. కాకులు నోళ్ళు తెరుచుకుని కొబ్బరి మట్టల నీడలో కూర్చునేవి. కాలువలు కట్టేశారు. పొద్దున్న పోయిన కరెంటు సాయంత్రం దీపాలు పెట్టేవేళకి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళేది. మాది ఉప్పలగుప్తానికి దగ్గర పల్లె, సముద్రం పొరుగు. ఎక్కడ తవ్వినా ఉప్పనీళ్ళే పడేవి. దేవుడి దయవల్ల మా పెరటి నూతిలో మాత్రం తియ్యటి నీళ్ళుండేవి.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. చిన్నప్పుడు బడికి వెళ్ళాలంటే పడవ మీద రేవు దాటాల్సి వచ్చేది. నాకు నీటిగండం ఉందని ఎవరో చెప్పడంతో మావాళ్ళు నన్ను పడవెక్కనివ్వలేదు. మామ్మ పక్కన కూర్చుని ఆవిడ స్తోత్రాల పుస్తకంలోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందువల్ల ఊళ్ళో నాకు గొప్ప భక్తురాలన్న పేరు ఊరికే వచ్చి పడింది. (స్తోత్రం చదువుతున్నంతసేపూ నా కళ్ళు ఇంకెన్ని పేజీలున్నాయా అని వెతికేవన్న సంగతి ఆ భగవంతుడికొక్కడికే తెలుసు.)

అంతకు ముందు ఏడు వానాకాలంలో నాన్నగారికి పచ్చకామెర్లు చేసి, ఇంట్లో అందరం ఆశ వదులుకున్నాం. మామ్మ అంతర్వేది స్వామికి మొక్కుకుంది. కొడుకు లేచి తిరిగితే, నరసింహ జయంతికి ముగిసేలా ఇరవై ఒక్క రోజులు, మడితో కట్టెలపొయ్యి మీద పరవాన్నం వండి నివేదన చేస్తానంది. ఆ వంటకి వాడే నీళ్ళు మడిలో ఉన్న మనిషే తోడుకోవాలి, ఇంకొకరి చెయ్యి తగలకూడదు. నివేదన అయ్యేదాకా తను మంచినీళ్ళు కూడా ముట్టదు. ఒక్కరోజు నాగా పడినా మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. వర్షం కురుస్తుండగా మొక్కుకున్న మొక్కు కదా, ఎండల సంగతి ఎవరికి తడుతుంది? నాన్నగారు లేచి తిరిగారు. నరసింహ జయంతి మాత్రం నడి వైశాఖంలో వచ్చింది.

ఐదోరోజు వంట దించి, నివేదన ముగించి, మామ్మ పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. డాక్టరుగారు వచ్చి వడదెబ్బన్నారు. ఈ వయసులో మళ్ళీ పొయ్యి దగ్గరకి వెళ్తే తన చేతిలో ఏమీ లేదని నాన్నగారిని పక్కకి పిలిచి చెప్పారు. మామ్మ మంచం మీంచే అంతా విన్నది.

"సరేనండి, పొయ్యి దగ్గరకి నేను వెళ్ళను. ఇంటి ఆడపిల్ల వండితే స్వామి ఒప్పుకుంటాడు. నాగా పడిందా, మళ్ళీ ఒకటో రోజునించి నేనే వండుతాను. చెప్పలేదనుకునేరు" అంది.

అన్నమాట తప్పే మనిషి కాదు. మళ్ళీ ఇరవై ఒక్క రోజులు నిప్పు దగ్గర కూర్చుంటే మామ్మ మాకు దక్కదని అందరికీ అర్థమైంది. అమ్మ ఇంటిల్లిపాదికీ వండుతోంది. రాజోలునించి వేసవికొచ్చిన మేనత్త (తిరిగినా తిరగకపోయినా ఫ్యాను కిందే కూర్చునేది కాబట్టి మనసులో నేను ఫ్యానత్తయ్య అనుకునేదాన్ని) తల పైకెత్తి ఆ ఫ్యాను రెక్కలకేసే చూస్తూ ఉండిపోయింది. చివరికి అందరి చూపులూ నా మీద ఆగాయి.

మొదటిరోజు పట్టుబట్ట మడికి శ్రేష్ఠమని అమ్మ పట్టుచీర కట్టింది. పరవాన్నం కంటే ముందు నేనే ఉడికిపోయాను. ఆ సాయంత్రం వీపంతా చెమటకాయలతో పడుకుని ఆలోచిస్తుంటే, మామ్మ ఎప్పుడూ నూతి దగ్గర స్నానం చేసి, ఆ తడిచీరతోనే వంటకి కూర్చునేదని గుర్తొచ్చింది. మర్నాడు నేనూ ముతక నేతచీరతో నాలుగు చేదలు నెత్తిన దిమ్మరించుకుని, నీళ్ళోడుతూ పొయ్యి ముందు కూర్చున్నాను. దొడ్డి గుమ్మంలోంచి కొబ్బరితోట గాలి వచ్చి ఆ తడి మీద తగిలేసరికి, ఊరంతా మాడిపోతూంటే నేనొక్కదాన్నే మాఘమాసంలో ఉన్నట్టుంది. నాకు తెలియకుండానే కళ్ళు మూతలుపడి, పెదాల మీదికి చిరునవ్వు వచ్చేసింది. ఎదురు గదిలో మంచం మీంచి మామ్మ ఆ మొహం చూసింది. మర్నాటికల్లా, మా పిల్ల మొహంలో కళ చూడండని వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలెట్టింది. పక్కింటివాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి చేతులు జోడించి వెళ్ళారు. నేను ఇంకాస్త కళ్ళు మూసుకున్నాను.

చిక్కల్లా ఏమిటంటే, ఆ మంట దగ్గర చీర పావుగంటలో ఆరిపోయేది. నేను మళ్ళీ నూతి దగ్గరకి పరిగెత్తేదాన్ని. మూడోసారి వెళ్తూంటే అత్తయ్య పట్టుకుంది.

"ఏమే, ఇందాకేగా తడిసొచ్చేవు?"

"ఆరిపోయిందండి అత్తయ్యా. ఆరితే మడి పోద్దంట."

"ఎవరు చెప్పేరు?"

"పుస్తకంలో ఉందండి." (ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.)

అత్తయ్య నా తడికొంగుకేసీ, తిరగని ఫ్యానుకేసీ మార్చి మార్చి చూసి, ఆయ్ అని ఊరుకుంది. మర్నాడు పొద్దున్నే తలారా స్నానం చేసి, పాపం చిన్నపిల్ల ఒక్కత్తే ఎంతని చేస్తుందంటూ తడిచీరతో బెల్లం కోరడానికి వచ్చి కూర్చుంది. మూడురోజులు గడిచాక అమ్మ కూడా, ఇంటి వంట తెల్లారేసరికి ముగించేసి, యాలకులు దంచడానికి మడిగట్టుకుంది. నాలుగు యాలకులకి ముగ్గురు ఆడవాళ్ళం, పూటకి అయిదారుసార్లు తడిసి వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం పొలంనించి వచ్చిన నాన్నగారు మంచినీళ్ళడిగితే, దగ్గరకి రావద్దని ముగ్గురం ఒకేసారి అరిచేవాళ్ళం.

ఒకరోజు ఆయన మామ్మ మంచం దగ్గర చతికిలబడి, "ఏమ్మా, ఈ ఇంట్లో ముట్టుకోడానికి పనికొచ్చేది నేనూ, గేదే తప్ప ఇంకెవరూ లేరా?" అని అడిగారు. ఇల్లు గుడైపోయింది, నీ అదృష్టం కాదట్రా అని మామ్మ మురిసిపోయింది.

అలా మొక్కులో ఇరవై రోజులు గడిచాయి. జయంతి రోజున, సంధ్యవేళ నివేదన కాబట్టి మధ్యాహ్నం తిరిగాక నూతి దగ్గరకి వెళ్ళి చేద వేశాను. నీళ్ళ చప్పుడు వినిపించలేదు. పైకి లాగితే బురద వచ్చింది. మళ్ళీ వేస్తే మళ్ళీ బురదే. అమ్మా, అత్తయ్యా వచ్చి తొంగిచూశారు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కాలువల్లేని ఎండాకాలంలో ఒంటిని చల్లబరుచుకోవడానికి నూతిని తోడి పారేశామని విడిగా చెప్పుకోవాలా? పక్కవాళ్ళ బోరు ఉప్పన, పైగా కరెంటు లేదు. వీధి చివరి నూతికి వెళ్ళాలంటే నలుగుర్నీ రాసుకుంటూ పోవాలి, మడి నిలవదు. లోపల మామ్మ పొద్దుటినించి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. రేపు ఒకటో రోజంటూ లేస్తుంది. లేచి ఆ పొయ్యి దగ్గరకి వెళ్తుంది.

అప్పుడు, నా జీవితంలో మొదటిసారి, పేజీలు లెక్కపెట్టకుండా దండం పెట్టుకున్నాను. తప్పంతా నాది, ఆవిడని చూడు స్వామీ అన్నాను. అంతకంటే పెద్ద స్తోత్రమేదీ నోటికి రాలేదు. కళ్ళు తుడుచుకుని తలెత్తితే, నూతి పక్కన పొట్టి కొబ్బరిచెట్టు నిండా లేత బొండాలు గెలలు గెలలుగా వేలాడుతున్నాయి. పుట్టినప్పటినించీ పక్కనే ఉన్న చెట్టు. ఒక్కోదాంట్లో గ్లాసున్నర నీళ్ళు, ఏ మనిషి చెయ్యీ తగలని నీళ్ళు.

"నాన్నగారూ, బొండాలు దింపాలండి" అని కేకేశాను.

"ఎన్నే?"

"ఎన్నుంటే అన్నండి."

మామ్మ అనుమతి కావాలి కదా. గుమ్మంలో నిలబడి అడిగాను. ఆవిడ, స్వామికి అభిషేకం చేసే నీళ్ళే కదా, కానిమ్మంది. నాన్నగారు కొడవలి కట్టిన గెడతో గెలలు లాగి, బొండాలు చెక్కి, నూతిగట్టు ఎక్కి నిలబడి, నన్ను తాకకుండా ఎత్తునించి ధార పోశారు. మొదటి బిందె వంటకి. తరవాతవి నా నెత్తిన. కామెర్లతో మంచం పట్టిన మనిషి, కండలు తిరిగిన చేతులతో ఒక్కో బొండాన్ని ఒక్క వేటున కొడుతూ, "నా మొక్కుకి నేనే కూలీనన్నమాట" అని నవ్వుతూంటే, ఆ ధార కింద నిలబడి నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

కొబ్బరినీళ్ళ మడి మామూలు మడి కాదని పొయ్యి ముందు కూర్చున్నాక తెలిసింది. ఆరుతున్నకొద్దీ చీర గంజి పెట్టినట్టు బిగుసుకుని, కదిలితే ఫెళఫెళమంది. జుట్టు తాడైపోయింది. నూతిగట్టునించి పొయ్యిదాకా నా అడుగుల వెంటే చీమలు బారులు కట్టి వచ్చాయి. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో ఈగల్ని తోలుకుంటూ, కాళ్ళు మార్చి మార్చి గోక్కుంటూ వండాను. ఆ పూట నా మొహంలో కళ ఏమీ లేదని ప్రమాణం చేసి చెప్పగలను. అత్తయ్య గుమ్మం అవతలే ఆగిపోయి, వాళ్ళాయనకి ఉత్తరం రాయాలని వెళ్ళిపోయింది. కొబ్బరినీళ్ళలో ఉడికిన కొత్తబియ్యం, బెల్లం, కొబ్బరికోరు కలిసి వాడంతా ఘుమఘుమలాడింది. సరిగ్గా సంధ్యవేళకి గిన్నె దించాను. ఇరవై ఒకటో నివేదన అయింది. నాన్నగారు గంట ఊడిపోయేంత గట్టిగా కొట్టారు.

మామ్మ తీర్థం పుచ్చుకుని, ప్రసాదం నోట్లో పెట్టుకుంది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. భక్తితో కాదు మామ్మా, చల్లగా ఉంటుందని తడిచీర కట్టేను, నుయ్యి నావల్లే ఎండింది, ఈ మొక్కు చెల్లుతుందో లేదో అన్నాను. ఆవిడ ఇంకో ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, అట్టకట్టిన నా జుట్టులోంచి ఒక చీమని తీసి అవతల పారేసింది.

"మా అత్తగారు నాకు చలికాలం పట్టుబట్టా, ఎండాకాలం తడిబట్టా అని నేర్పేరే. ఎందుకనుకున్నావు? అంత ఉగ్రరూపం స్వామికే ఒళ్ళంతా గంధం పూసి చల్లబరుస్తారు. ఆయనకి తెలీదేంటి వేసవంటే?" అంది. మొక్కు తీరిపోయిందిలే, పోయి స్నానం చెయ్యమని కూడా అంది. (ఏ నీళ్ళతో చెయ్యాలో చెప్పలేదు. మర్నాడు నూతిలో ఊట ఊరేదాకా అలాగే ఉన్నాను.)

ఆ తరవాత మామ్మ ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది, పొయ్యి దగ్గర ఎవరు కూర్చోవాలో మంచం మీంచే చెబుతూ. ఇప్పుడు నా పూజగదిలో నిశ్శబ్దంగా తిరిగే ఫ్యానుంది. కళ్ళు మూసుకుంటే నిజంగానే మనసు నిలుస్తోంది, ఆయన దయ. అయినా ఒక్కోసారి, గరిటె పట్టుకుని చీమలతో గెంతుతున్న ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. స్వామికి ఎంత దగ్గరగా వెళ్ళిందో దానికి ఆ రోజు తెలియలేదు. నేను ఇన్నేళ్ళుగా మళ్ళీ అక్కడికే నడుస్తున్నాను.