నవ్వొద్దన్న ఫోటో

2023 వానాకాలం. ఖమ్మంలో నా ఫోటో స్టూడియోను వేరేవాళ్లకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నా, పాత డిజిటల్ కెమెరాలు బాగుచేసే పని మాత్రం వదల్లేదు. ముందుగదిలో ఒక బల్ల, ఒక దీపం, సన్న స్క్రూడ్రైవర్లు చాలు. ఏ రోజు ఏ కెమెరా వచ్చింది, దాని రోగమేమిటి, ఏం చేశాను అన్నది రాత్రికి డైరీలో రాసుకోవడం పనిలో చేరిన నాటి నుంచీ అలవాటు. ఆ వానల్లో ఒక వారం పేజీలు ఇప్పుడు తీస్తే, పెన్ను గట్టిగా నొక్కడం వల్ల రాత వెనకవైపుకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. కోపంతో రాశాను. ఆ కోపం ఇంకా పోలేదు.

మా వీధిలోనే ఉండే నవ్య అనే డిగ్రీ చదివే పిల్ల ఒక చిన్న వెండి రంగు కెమెరా తెచ్చింది. బస్టాండ్ దగ్గర సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నదట.

"తాతా, నేను అరవై నాలుగు జీబీ కార్డు పెడితే ఎర్రర్ అంటది. కార్డు తీస్తే రెండు ఫోటోలకే మెమరీ ఫుల్ అంటది."

"చేతిల మంచి ఫోన్ పెట్టుకొని ఈ ముసలిదాన్ని ఎందుకు కొన్నవే?"

"ఫోన్ల అందరి మొఖాలు ఒక్క తీరే వస్తయ్. దీంట్ల కొంచెం మబ్బుమబ్బుగ వస్తది. గదే బాగుంటది."

"ఆ మబ్బు పోగొట్టనీకే మేం బతుకంతా చచ్చినం."

"అవ్ తాతా, అందుకే మీరు తీసిన పెండ్లి ఫోటోలల్ల అందరు పోలీస్ స్టేషన్ల నిలబడ్డట్టు ఉంటరు."

కెమెరా అందుకున్నాను. పాతది కొన్నప్పుడు చూడాల్సినవి ముందు చూశాను: బ్యాటరీ ఉబ్బలేదు, లెన్స్ గరగర లేకుండా బయటికి వస్తోంది, అద్దం మీద బూజు లేదు. రోగం కెమెరాది కాదు. ఇంత పాత కెమెరాలు రెండు జీబీ దాటిన కార్డును గుర్తుపట్టవు. కార్డు లేకపోతే ఇంటర్నల్ మెమరీలో, అంటే కెమెరా కడుపులోనే ఉండే చిన్న జాగాలో, పది పన్నెండు ఫోటోలు దాచుకుంటాయి. చాలామందికి అక్కడ ఒక జాగా ఉందనే తెలియదు.

"షాపాయన ఫార్మాట్ కొట్టుమన్నడు తాతా. అంతా సాఫ్ అయితదట," అంటూ నవ్య బటన్ మీదికి వేలు పోనిచ్చింది. చెయ్యి పట్టుకుని ఆపాను. కార్డు లేనప్పుడు ఫార్మాట్ కొడితే తుడుచుకుపోయేది ఆ కడుపులోవే. ముందు ఏమున్నాయో చూడాలి.

కేబుల్ పెట్టి కంప్యూటర్ మీద తెరిచాను. నవ్య తీసిన రెండూ పోగా మిగతావన్నీ పాతవి. ఒక బడి గోడ. దాని ముందు జంటలు జంటలుగా నిలబడ్డ జనం. ఉతికిన చీరలు, నూనె రాసిన తలలు, ఒకాయన అంగీకి కొత్త మడతలు. ఫోటో కోసమే తయారై వచ్చారని చూడగానే తెలుస్తుంది. గోడ మీద గుంపు పేరు, కింద టేకులపల్లి మండలం అని రాసి ఉంది. అడవి వైపు చిన్న పల్లెను గుంపు అంటారు.

షాపాయనను అడిగితే కెమెరా అమ్మినాయన నంబరు ఇచ్చాడు. ఫోన్ చేసి, కెమెరాలో మిగిలిన ఫోటోల సంగతి చెప్పాను. మర్యాదగానే మాట్లాడాడు.

"అవా? నాలుగేళ్ల క్రితం ఒక ప్రాజెక్టు రిపోర్టు కోసం తీశామండీ. కార్డులోవి అప్పుడే ఇచ్చేశాం. కార్డు నిండాక తీసినవేమో ఇవి. డిలీట్ చేసెయ్యండి."

"వాళ్లకు కాపీలు ఇచ్చారా?"

"అది మా పనిలో లేదండీ."

"ఇస్తామని చెప్పారా?"

"చెప్పాం. అలా చెప్తేనే కదండీ వాళ్లు నిలబడేది."

ఫోన్ పెట్టేశాను. పనివాడు తప్పు చేస్తే నాకు ఇంత కోపం రాదు. ఇది తప్పు కాదు, పద్ధతి. దీపం పెట్టుకున్నట్టు, ట్రైపాడ్ వేసుకున్నట్టు, ఒక అబద్ధం కూడా సామానులో పెట్టుకుని అడవికి వెళ్లారు.

ఆ గుంపు ఫోటోలన్నీ కడిగించాను. వాటిలో చివరిది ఒక్కటి వదిలేశాను. చెయ్యి కదిలి చెదిరిపోయిన ఫోటో అది. కదిలిన ఫోటో కస్టమర్ చేతికి ఇవ్వకూడదన్నది మా పనిలో మొదటి నియమం. నవ్యకు నా సొరుగులోంచి ఒక జీబీ పాత కార్డు ఒకటి ఇచ్చాను. "నేను గూడ వస్త," అని బయలుదేరింది. బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఆ గుంపుకు చేరాం.

బడి దగ్గర ఒక పెద్దాయన మా కవరు చూసి లేచాడు. "ఎన్నేండ్లకు సారూ. ఆ సారు పంపిండా?"

నేను నోరు తెరిచేలోపే నవ్య అంది, "లేదు పెద్దయ్యా. ఆయన కెమెరా అమ్ముకుండు."

పెద్దాయన తలూపాడు. ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

ఒక్కొక్కరికీ పంచాం. సోమమ్మ అనే ఆమె అందరికంటే వెనక వచ్చింది. ఫోటోలో పక్కనున్న భర్త భద్రయ్య ఇప్పుడు లేడు.

"గా ఎండకాలమే బండి మీద ఫోటోలాయన వచ్చిండు," అని చెప్పింది. "నేను దిగుదామన్న. మా ఆయన, 'ఒకటి దిగినం గద, సారు తెస్తడు, రెండోది ఎందుకే' అన్నడు. వానలు పడంగనే జరమొచ్చి పోయిండు."

ఇంట్లో ఉన్నదల్లా ఆధార్ కార్డు. దాని మీద భద్రయ్య మొహం నల్లటి మచ్చ. ఆ సారు మాట నమ్మకపోయి ఉంటే ఆమె గోడ మీద ఒక ఫోటో ఉండేది. అబద్ధం ఊరికే పోలేదు, ఉండాల్సిన ఫోటోను కూడా లేకుండా చేసింది.

నేను ఇచ్చిన ఫోటోను ఆమె దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి చూసింది.

"మా ఆయనే. గని గిట్ల ఉండెటోడు కాదు."

"ఏమైందమ్మా?"

"నవ్వొద్దన్నడు ఆ సారు. నవ్వితే మీ కష్టం కనపడదు అన్నడు. మా ఆయనకు నవ్వు ఆగదు. నేను గిచ్చిన. అప్పుడు గిట్ల పెట్టిండు మొఖం."

నవ్య సంచిలోంచి కెమెరా తీసింది. కార్డు తీసేసి, బటన్లు నొక్కుతూ ఆ గుంపు ఫోటోల్లో చివరిదాని దగ్గర ఆగి, సోమమ్మ ముందు పెట్టింది. నేను వదిలేసిన ఫోటో. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, భద్రయ్య. అతని భుజం మీద కొట్టబోతున్న సోమమ్మ చెయ్యి ఒక తెల్లటి గీత. అంతా చెదిరి ఉంది.

"గీడున్నడు," అంది సోమమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సూడు, అయిపోయిందనంగనే గెట్ల నవ్విండో."

ఆ ఫోటోనే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, పదిహేను రోజుల తర్వాత తీసుకెళ్లాం. మా వృత్తి ప్రకారం అది పారేయాల్సిన ఫోటో. ఏది మంచి ఫోటో అని తేల్చాల్సింది కెమెరా పట్టినవాడు కాదని ఇంత వయసొచ్చాక నేర్చుకున్నాను. పాత కెమెరా కొనేవాళ్లు ఫార్మాట్ కొట్టే ముందు కార్డు తీసి ఒకసారి లోపల చూడండి. ఊళ్లకు వెళ్లి తీసేవాళ్లు ఫోటో ఇవ్వండి, లేదా ఇస్తామని చెప్పకండి. కార్డులోకి పోయిన మిగతా ఇళ్ల ఫోటోల కోసం ఆయనకు ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తడం లేదు. నేను మానను.

ఫ్రేము ఇచ్చిన ఆ రోజు మేం బయలుదేరుతుంటే సోమమ్మ నవ్యను ఆపి, ఫ్రేము పక్కన నిలబడింది.

"నన్ను గూడ ఒకటి తియ్యి బిడ్డా," అంది. చీర సర్దుకుని, కొంచెం ఆగి, నా వైపు చూసి అడిగింది. "సారూ, నవ్వొచ్చా?"