రేపు టైలరు గీసిన కోర్టు

మా వీధి మొదట్లో ఉండే టైలరుని ఊరంతా రేపు టైలరు అంటారు. ఎప్పుడిస్తావని ఎవరడిగినా తల ఎత్తకుండా "రేపు" అంటాడు. ఆ రేపు ఎన్నాళ్లకొస్తుందో ఆయన మిషనుకే తెలియాలి. పెళ్లికని కోటు ఇచ్చి, కొడుకు పుట్టాక తొడుక్కున్నవాడు మా ఊళ్లో ఉన్నాడు. చెయ్యి మాత్రం మంచిది. ఆయన కుట్టాడంటే బట్ట చిరగాలి గానీ కుట్టు ఊడదు. చుట్టరికమేమీ లేకపోయినా నేను అన్నయ్యా అనే పిలుస్తాను, ఆయన భార్యని వదినా అంటాను.

మాది చిన్న ఊరు. సాయంత్రమైతే చేసేందుకు ఏమీ ఉండదు. మగవాళ్లు బస్టాండు దగ్గర నిలబడి దిగేవాళ్లనీ ఎక్కేవాళ్లనీ చూసి ఇంటికొస్తారు. ఆడవాళ్లం గుమ్మాల్లో నిలబడి, వచ్చేవాళ్లని చూస్తాం. మా ఆయనా అన్నయ్యా మా అరుగు మీద కూర్చుని రోజూ ఇదే మాట్లాడుకునేవారు. మా పెరటి గోడ అవతల మున్సిపాలిటీ ఖాళీ జాగా ఉంది, అందులో ఒక షటిల్ కోర్టు వేసుకుంటే ఎంత బాగుంటుందో అని. ఎప్పుడు వేద్దామని మా ఆయన అడిగేవారు. అన్నయ్య ఏమనేవాడో చెప్పక్కర్లేదు.

మూడేళ్ల కిందట వానాకాలంలో మా ఆయన పోయారు. ఆ తరవాత అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. నేను పెరటి తలుపు తీయడం కూడా మానేశాను.

మరుసటి వేసవిలో ఆ జాగాలో పాడైపోయిన చెత్తబండ్లు తెచ్చి పడేస్తారని తెలిసింది. అన్నయ్య మిషను ఆపి కమిషనరు దగ్గరికి పరిగెత్తాడు. పనివేళలో ఆ మిషను ఆగడం అదే మొదటిసారని వదిన చెప్పింది. కమిషనరు ముక్తసరిగా మాట్లాడే మనిషి. ఆదివారం సాయంత్రం వచ్చి చూస్తాననీ, కోర్టు ఉండి ఆడే జనం కనబడితే జాగా వదిలేస్తాననీ, లేదంటే సోమవారం పొద్దున్నే బండ్లు దింపిస్తాననీ అన్నాడట. మధ్యలో ఉన్నవి నాలుగే రోజులు. రేపు అంటే కుదిరేది కాదు.

తన కొట్టుకి వచ్చిన ప్రతివాడితోనూ ఆటకి రాకపోతే ప్యాంటు ఇవ్వనన్నాడు అన్నయ్య. వస్తే మాత్రం ఇస్తావా ఏంటని వాళ్లు ఎగతాళి చేశారు. చేసి, పలుగూ పారా పట్టుకుని వచ్చి నేల చదును చేశారు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కాగితం పొట్లం. విప్పితే తెల్లటి చొక్కా గుడ్డ. పోయే ముందు మా ఆయన కుట్టమని ఇచ్చిందే.

"కుట్టలేదమ్మా. రేపు రేపని ఉంచేశాను. ఆయన పోయాక కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు."

నాకు కోపం రావలసింది. రాలేదు. గుడ్డని ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరాను. ఆటకి నెట్టు ఉందా అని అడిగాను. పాతది ఒకటి దొరికిందనీ, పైనుండే తెల్ల పట్టీ చీలికలైపోయిందనీ చెప్పాడు.

"అయితే దీంతో పట్టీ కుట్టు అన్నయ్యా. రేపు మాత్రం అనకు."

చీకటి పడకముందే కుట్టి తెచ్చి చూపించాడు.

ఆదివారం బస్టాండు ఖాళీ అయిపోయింది, జనమంతా జాగాలోనే. వదినా నేనూ పెరటి గోడ ఇవతల పీటలెక్కి చూస్తున్నాం. కమిషనరు ఇంజినీరుని వెంటబెట్టుకుని వచ్చాడు. కాసేపు చూశాడు, చొక్కా చేతులు మడిచి బ్యాటు అడిగాడు. చదువుకునే రోజుల్లో ఆడేవాడట, వదిలేసి ఇరవయ్యేళ్లయిందట. ఎదురుగా పోస్టుమాను నిలబడ్డాడు. కమిషనరు కొట్టిన ప్రతి షటిలూ బయటికి పోయేటట్టే కనిపించి, చివరికి గీత లోపల పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. చెయ్యి ఇంకా పోలేదయ్యా అని ఇంజినీరుతో అన్నాడు.

ఇంజినీరుకి అనుమానమొచ్చి టేపు తీశాడు. నలభై నాలుగడుగులు ఉండాల్సిన పొడవు నలభై ఆరుంది. ఇరవై ఉండాల్సిన వెడల్పు ఇరవై రెండుంది. కొలతలు తెలియకుండానే గీశావా అని అన్నయ్యని గద్దించాడు.

"తెలుసండి. సరిగ్గానే కొలిచి, చుట్టూ కుట్లకి వదిలానండి." చెప్తూ చెప్తూ ఉండగానే ఆయనకి సంగతి తట్టినట్టుంది, గొంతు తగ్గింది. "చొక్కాకైతే అంగుళం చాలు. ఇది పెద్దది కదా అని అడుగు వదిలాను."

జనం నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు. లెక్క ప్రకారం ఇది కోర్టే కాదన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. వదిన నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి.

కమిషనరు చేతిలో బ్యాటు వంక చూసుకున్నాడు. తన షటిళ్లు పడిన గీత వంక చూశాడు. బండ్లు ఇంకెక్కడైనా పెట్టించమని ఇంజినీరుకి చెప్పి, అన్నయ్య వైపు తిరిగాడు.

"గీతలు సరిచెయ్యి. ఎప్పుడు చేస్తావు?"

అన్నయ్య చేతులు కట్టుకున్నాడు.

"రేపండి."

రెండేళ్లు దాటింది. గీతలు చెరిగినప్పుడల్లా అన్నయ్య సున్నం పోస్తాడు, అదే కొలతకి. కమిషనరు ఆదివారం ఆదివారం వస్తాడు, గీతల ఊసెత్తడు. నేను పెరటి తలుపు తీసుకుని వెళ్లి, నెట్టు పక్కన కుర్చీ వేసుకుని పాయింట్లు చెబుతాను. షటిలు పట్టీ మీద తగిలి అటా ఇటా అని ఊగిందంటే, ఎవరి పాయింటో చెప్పడానికి నాకు కొంచెం ఆలస్యమవుతుంది. ఎవరూ తొందర పెట్టరు.

మొన్న మావాళ్లు పక్క ఊరికి పోటీకి వెళ్లి, అన్నీ గీత బయటికే కొట్టి ఓడిపోయి వచ్చారు. అక్కడి కోర్టు మరీ బిగుతుగా కుట్టారని అన్నయ్య తేల్చేశాడు.