మొదటి చుక్క, చివరి చుక్క

ఆఫీసు పనిమీద సింగపూర్ వెళ్లినప్పుడు, అక్కడే ఉంటున్న మిత్రుడు రమేశ్ నన్ను సెరంగూన్ అనే పేటలో ఒక వైన్ షాపుకి తీసుకెళ్లాడు. ఫ్రాన్సులో జురా అనే చిన్న కొండప్రాంతపు రైతు ఒకామె తన తోట వైన్‌ను అందరికీ తానే పోసి రుచి చూపిస్తోంది. ఆ తోట వాలు బాగా నిటారుగా ఉంటుందట, ద్రాక్ష గుత్తులన్నీ చేత్తోనే కోస్తారట.

గ్లాసు ఎత్తగానే పులిసిన వాసన తగిలింది. నాకు తెలియకుండానే ఒక చుక్క నేలమీద ఒంపేశాను.

"అరే, ఏం చేస్తున్నవ్‌రా! ఇది షాపు, మన కల్లు కాంపౌండ్ కాదు" అన్నాడు రమేశ్.

సిగ్గుపడుతూ ఆమెకు చెప్పుకున్నాను. మా తాత తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కల్లు తాగేముందు ఎల్లమ్మ తల్లికి సాక అంటూ మొదటి చుక్క నేలకిచ్చేవాడు. తాత పోయి ఎన్నేళ్లయిందో! ఆ అలవాటు నా చేతిలో ఉందని నాకే తెలియదు.

ఆమె నవ్వలేదు. "మా నాన్న చివరి చుక్క నేలకి పోసేవాడు. మా వైన్ గదిలో నేలంతా మట్టే. ఇక్కడేమో మిగిలింది బకెట్లో పోయమంటారు" అంది.

తన గ్లాసు అడుగున మిగిలింది నా చుక్క పక్కనే ఒంపింది. తర్వాత ఇద్దరం వంగి టిష్యూతో తుడిచాం. ఆ తడి టిష్యూను ఆమె చెత్తబుట్టలో వేయలేదు. గుమ్మం పక్కనున్న పూలకుండీ మట్టిలో పిండింది.