నా పళ్లెంలో నెయ్యి వేయొద్దు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెబుతాను. మొదటిసారి నొప్పి వచ్చింది అక్కడే, క్లాసు మధ్యలో. ముందురోజు తోటి టీచర్లతో కలిసి బిర్యానీ తిన్నాను. పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోయింది. నిలబడలేక బోర్డు కిందే కూలబడ్డాను. స్టూడెంట్లే ఆటో ఎక్కించి, ఎల్బీనగర్‌లో మా ఇంటికి దగ్గరున్న ఆస్పత్రికి తీసుకొచ్చారు.

క్లోమం వాచిందన్నారు. డ్యూటీ డాక్టరు అమ్మను బయటికి పంపి, గొంతు తగ్గించి అడిగాడు.

"మందు అలవాటుందా?"

"లేదు."

"ఫరవాలేదు, ఇంట్లో చెప్పం."

"లేదన్నాను కదా సర్. ముందు నొప్పికి ఇంజెక్షన్ వేయండి. తర్వాత ఎన్నిసార్లడిగినా ఇదే చెప్తా."

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చింది. కోస్తా వైపు ఆవిడ. నా రక్తం నింపిన గాజు గొట్టం వెలుతురులో పట్టి చూపించింది. కింద ఎర్రగా ఉంది, పైన పాలు పోసినట్టు తెల్లగా పేరుకుంది.

"ఏమ్మా, మీ అమ్మా నాన్నా దగ్గర చుట్టాలా?"

"మేనరికం మేడం. నాయినకు సొంత మేనత్త బిడ్డ మా అమ్మ."

"నీ తప్పేం లేదమ్మా. తిన్న కొవ్వును రక్తంలో కరిగించే ఎంజైము నీ ఒంట్లో పనిచేయట్లేదు. అమ్మ నుంచి ఒక లోపం, నాన్న నుంచి ఒకటి వచ్చాయి. వాళ్లలో ఒక్కొక్కటే ఉంది కాబట్టి వాళ్లకేం కాలేదు. దీనికి మాత్రలు పెద్దగా పనిచేయవు. జాగ్రత్తంతా తిండిలోనే."

తర్వాత చేయించిన జన్యు పరీక్షలోనూ అదే తేలింది.

నూనె, నెయ్యి, మీగడ, కొబ్బరి, పల్లీలు, నువ్వులు, గుడ్డులో పచ్చసొన అన్నీ పోయాయి. తీపి కూడా తగ్గించమన్నారు. పప్పులో, బియ్యంలో కనబడకుండా ఉండే కొవ్వుతోనే నా రోజు కోటా చాలామటుకు అయిపోతుంది. మొదట్లో పక్కింటి పోపు వాసనకే ఏడుపొచ్చేది. కొన్నాళ్లకు ఏడుపు పోయి మొండితనం వచ్చింది. ఉల్లిపాయలు నీళ్లలో మగ్గించడం నేర్చుకున్నాను. ఆవాలు, జీలకర్ర ఉత్త మూకుట్లో వేయించి పొడి కొట్టాను. జొన్న రొట్టె, వెన్న తీసిన పాల మజ్జిగ, చింతచిగురులో ఉడికించిన, చర్మం తీసిన కోడిమాంసం. బాగుండేవి. బాగుండేదాకా వండాను.

పెద్ద అంబర్‌పేట్‌లో ఉండే మా మేనత్త ఒక ఆదివారం వచ్చింది. నాన్నను ఎత్తుకుని పెంచిన అక్క ఆవిడ. మా ఇంట్లో ఆవిడ మాటకు ఎదురుండదు. ఆ రోజు తనే వడ్డించింది. మొదటి ముద్దకే నాకు తెలిసిపోయింది.

"అత్తమ్మా, అన్నం కింద నెయ్యి ఏసినవా?"

"ఒక్క చెంచ బిడ్డా. నెయ్యి లేకుంటె ఒంట్లె తాకత్ ఎట్లొస్తది? ఎట్ల ఎండిపోయినవో చూసుకో."

లేచి పళ్లెంలో అన్నం చెత్తబుట్టలో పడేసి, పళ్లెం కడుక్కొచ్చి మళ్లీ వడ్డించుకున్నాను. మా ఇంట్లో అన్నం పారేయడం ఎవరూ ఎరగరు. నాన్న ముఖం ఎర్రబడింది.

"ఏంది గీ పని?"

"దవాఖానల ఎట్ల పన్ననో నువ్వే చూసినవ్ గద నాయినా."

ఒక్క చెంచాతోనే పడిపోతానని కాదు. ఆ ఒక్క చెంచాకు ఊరుకుంటే రేపటి నుంచి నా పళ్లెం నాది కాదు.

అత్త నాన్న వైపు తిరిగింది.

"గిట్ల తినే పిల్లను బయటోళ్లెవ్వరు చేసుకుంటరు తమ్మీ? మా పిలగానికే చేసుకుంట. నా ఇంట్ల నేనే చూసుకుంట."

నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నాకు మేలే చేస్తున్నాననుకుంది, నిజంగానే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

"బావ మంచోడే అత్తమ్మా. కాని నేను చేసుకోను. నాయిన, అమ్మ ఒకే రక్తమైనందుకే నాకిట్లయింది. బావకు కూడ గా లోపం ఉండొచ్చు. నాకు పుట్టే బిడ్డకు గీ నొప్పి నేనియ్య."

"అంటే మా రక్తం చెడ్డదంటవా?"

"మనది అత్తమ్మా. నాదీ గదే."

అప్పుడు, ఆవిడ ముందు ఎన్నడూ నోరెత్తని మా అమ్మ అంది: "దాని ముచ్చట దాన్నే చెప్పనియ్యి వదినా. ఇంక గా మాట తియ్యకు."

అత్త చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. చాలా నెలలు మా గడప తొక్కలేదు. నాన్న నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. బావ మాత్రం ఫోన్ చేశాడు. "నన్ను ఒక్కరన్న అడిగిర్రా? నువ్వన్న వద్దన్నవ్, మంచిగయింది" అన్నాడు. తన ఆఫీసులో పనిచేసే అమ్మాయిని ఇష్టపడుతున్నాడట.

వాళ్ల పెళ్లి సరూర్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నా తిండి డబ్బా తీసుకుని వెళ్లాను. భోజనాల దగ్గర అత్త నా చేతిలో డబ్బా చూసి దగ్గరికొచ్చింది.

"లోపల రూముల కూసొని తిను బిడ్డా. నలుగురు చూస్తరు."

"చూడనీ అత్తమ్మా."

బంతి మధ్యలో కూర్చున్నాను. నెయ్యి గిన్నెతో వచ్చినతనికి విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. పక్కనున్న ఆడపెళ్లివారి ఆవిడ అడిగింది.

"ఏమ్మా, ఉపవాసమా?"

"కాదండీ. పుట్టుకతో వచ్చిన జబ్బు. తిన్న కొవ్వు రక్తంలో కరగదు. నా వంట నేనే తెచ్చుకుంటాను."

"అయ్యో. మరి రేపు పెళ్లయ్యాక ఎలాగమ్మా?"

"ఆయన కూడా నా వంటే తింటాడు. లేదంటే ఆయనది ఆయన వండుకుంటాడు."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, నిజమే చెప్పాను కాబట్టి. అత్త ఆ మాట విననట్టే పక్క వరుస వైపు వెళ్లిపోయింది. నేను డబ్బా పూర్తిగా తెరిచి, జొన్న రొట్టె తుంచుకుని, తొందరపడకుండా కడుపునిండా తిన్నాను.