మా ఇంట ఉప్పు పెట్టని దోసకాయలు

మా నాయన పోయిన ఏడు ఆయన వేసిన దోసపాదులు ముందెన్నడూ కాయనంతగా కాశాయి. ఆ కాయలు ఏమయ్యాయో వరసగా చెప్పాలని కూర్చున్నాను. డైరీలు తిరగేసి చూశాను గానీ, ఆ రోజుల పుటల్లో ఎండ, వాన, షిఫ్టు తప్ప నేనేమీ రాసుకోలేదు. కాబట్టి గుర్తున్నదే రాస్తున్నాను.

కోయంబత్తూరులో మిల్లువాళ్ళు కట్టించిన లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు, వెనక మోకాలెత్తు గోడలతో విడదీసిన చిన్న పెరళ్ళు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. నాయనది బ్లో రూమ్‌లో పని. దూది బేళ్ళు విప్పి మొట్టమొదట దులిపేది అక్కడే. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. నేను అప్పటికి అదే మిల్లులో, టైమ్ ఆఫీసులో, గుమాస్తాగా చేరాను.

తమిళుల మాసి నెలలో, ఎండలు ముదరకముందే, స్నానాల నీళ్ళు పారే కాలువ పక్కన నాయన గింజలు పెట్టేవాడు. మిల్లులో ఊడ్చి పారబోసే మురికి దూదిని గోనెసంచిలో తెచ్చి, పేడ కలిపి కుళ్ళబెట్టి ఎరువు వేసేవాడు. కాయ పిందె దాటగానే దాని కింద గుప్పెడు పొడి దూది పరిచేవాడు, మట్టి చెమ్మకు అడుగు కుళ్ళకుండా. పెరట్లోకి చూస్తే ఒక్కొక్క కాయ ఒక్కొక్క పరుపు మీద పడుకున్నట్టు ఉండేది. లైన్లో అందరూ నవ్వేవాళ్ళు. "మనుషులకు చాప, కాయలకు మెత్తా?" అనేవాళ్ళు.

ఆ కాయల్లో మా అమ్మ ఏదీ వృథా పోనిచ్చేది కాదు. లేతవి నిలువునా చీల్చి ఉప్పూ కారం అద్ది ఇస్తే మిల్లుకు పోతూ తినేవాళ్ళం. కొంచెం ముదిరినవి కందిపప్పులోకి, మజ్జిగ పులుసులోకి. ఇంకా మిగిలితే చక్రాలుగా తరిగి, ఉప్పు వేసిన మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు చాప మీద ఆరబెట్టేది. గలగలమనేదాకా ఎండిన ఆ వరుగులు ఆడి నెల, అంటే ఆషాఢం, గాలులప్పుడు నూనెలో వేయించితే చారన్నంలోకి మరేదీ అక్కర్లేదు. పసుపుపచ్చగా పండిన కాయలను అరటినారతో ఉరి వేసి దూలానికి వేలాడదీసేది. ఒకదానికొకటి తగలకుండా ఉంటే అవి నెలల తరబడి చెడవు.

కానీ నాయనకు వీటన్నిటికన్నా ఇష్టం ఊరగాయ. ఆ పనిలో ఇద్దరూ కూర్చునేవాళ్ళు. అమ్మ కాయ కోసి గింజలు తీస్తే, నాయన ప్రతి కాయలోనూ చిన్న ముక్క కొరికి చూసేవాడు. ఒక్క చేదుకాయ కలిసినా జాడీ అంతా పోతుంది. ముక్కలను గుడ్డతో తడి లేకుండా తుడిచి, నీడన ఆరనిచ్చి, ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, పచ్చి నువ్వుల నూనె పోసేది అమ్మ. నూనె కాచేది కాదు. వెల్లుల్లి వేసేది కాదు, నాయనకు ఆ వాసన పడదు. మూడోనాడు జాడీ తిరగకలిపేటప్పుడు ఆయన వేడన్నం ముద్ద పట్టుకుని పక్కనే నిలబడేవాడు. అమ్మ ఒక ముక్క వేసేది. ఆయన తిని ఏమీ అనకుండా మళ్ళీ చెయ్యి చాపేవాడు. బాగుందని చెప్పడానికి ఆయనకు తెలిసింది అదొక్కటే.

ఆ ఏడు గింజలు పెట్టినప్పుడే దగ్గు ఎక్కువగా ఉండేది. తొలి కాయలు పిందె దాటేసరికి కాళ్ళు వాచాయి. ఆసుపత్రిలో చేర్చాం. వాపు ఉంది కాబట్టి నీళ్ళు తక్కువ ఇవ్వాలన్నారు డాక్టర్లు. ఆయన చివరి రోజులన్నీ నీళ్ళు అడుగుతూనే గడిచాయి. అమ్మ తడిగుడ్డతో పెదవులు తుడిచేది. అవినాశి నుంచి వచ్చిన మా అత్త, అంటే నాయన అక్క, మంచం కాళ్ళ దగ్గర కూర్చుని అదంతా చూసింది. మాసి తర్వాత వచ్చే పంగుని నెలలో, ఒక మధ్యాహ్నం, మొదటి షిఫ్టు వదిలే సంగు, అంటే మిల్లు సైరను, మోగుతుండగా నాయన పోయాడు.

కర్మల రోజుల్లో ఇంటినిండా బంధువులు. వచ్చినవాళ్ళందరూ తలస్నానాలు చేసిన నీళ్ళు కాలువ వెంట పాదులకే పారాయి. అంత కాపు అందుకేనేమో. పనులన్నీ ముగిసి, జనం వెళ్ళిపోయి, అత్త ఒక్కతే తోడుగా మిగిలిన రోజు అమ్మ మొదటిసారి పెరట్లోకి వెళ్ళింది. ఆకులు తొలగించి చూసి అక్కడే కూలబడింది. కొన్ని కాయల కింద నాయన పరిచిన దూది ఇంకా ఉంది. తర్వాత వచ్చినవి మట్టిలోనే పడి ఉన్నాయి.

కోస్తే రెండు తట్టలయ్యాయి. వాటిని వంటింటి ముందు పెట్టుకుని అమ్మ అడిగింది.

"వీటినేం చేసేది వదినా?"

"ఏం చేసేది? పక్కిళ్ళకు పంచు. మిగిల్తే ఆవులకు వెయ్యి. వరుషం తిరిగేదాకా ఈ ఇంట్లో ఊరుకాయ జాడీ కదిలించగూడదు, నీకు తెలీనిదా?"

తెలియక కాదు. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు ఊరగాయ, వడియాలు పెట్టకపోవడం మావాళ్ళందరిలోనూ ఉన్నదే.

"ఊరుకాయ వద్దులే. వరుగులన్నా పెట్టుకుంటా. ఎండబెట్టేది ఊరుకాయ అవుతాదా?"

"ఉప్పు లేకుండా ఎండబెట్టేస్తావా?"

"పండినవి దూలానికన్నా కడతా. దానికి ఉప్పు అక్కర్లేదు గదా."

"ఎట్లైనా దాచల్లనే చూస్తాండావు నువ్వు. ఈ వరుషం దాచేదే కూడదు." అత్త గొంతు మెత్తబడింది. "ఇట్ల వినమ్మే. ఇది వాడు నాటిన పాదు. ఈ కాయను దాచి ఉప్పు పెడితే ఆ ఉప్పు వాని నోట్లోకే పోతాదని మా అమ్మ చెప్పేది. వరుషమంతా వానికి దప్పిక. నీళ్ళు నీళ్ళు అని పోయినోడు. ఇంకా దప్పిక పెడతావా వాన్ని?"

అమ్మ తట్టలు నా వైపు జరిపింది. వీధిలో నాలుగిళ్ళకు నన్నే పంచమంది. అత్త మర్నాడు అవినాశి బస్సెక్కింది.

కాయలు మాత్రం ఆగలేదు. రెండు మూడు రోజులకొక తట్ట దిగేది. పంచితే తీసుకునేవాళ్ళు తగ్గిపోయారు, అందరిళ్ళలోనూ అదే కూర. తట్టలో అడుగునున్న కాయలు మెత్తబడి నీరు కారడం మొదలైంది. అమ్మకు వాటిని పారేయమని చెప్పడానికి నోరు రాలేదు, ఉంచుకోవడానికి ధైర్యం లేదు. ఆయన చేత్తో వేసిన పాదుకు మళ్ళీ ఏటికి కాపు ఉండదు. ఆ కాపులో కొంతైనా, ఏదో ఒక రూపంలో, ఇంట్లో ఉండాలన్నదే ఆమె కోరిక. వేరే ఏమీ అడగలేదు.

మా పక్కింట్లో క్రైస్తవుల కుటుంబం ఉండేది, వాళ్ళూ తెలుగువాళ్ళే. ఆ ఇంటామె మా మిల్లులోనే నూలు చుట్టే రీలింగ్‌లో పనిచేసేది. నేను చిన్నమ్మా అనేవాణ్ణి. ఒకరోజు షిఫ్టు దిగి, జుట్టులో నూలు పోగులతో వచ్చి పిట్టగోడ మీద కూర్చుని అమ్మను చూసింది.

"దోసకాయను చూసి ఏడ్చేదాన్ని నిన్నొక్కదాన్నే చూసినాక్కా. ఉల్లిగడ్డ అయినా గాదే ఇది!"

అమ్మ కళ్ళు తుడుచుకుని సంగతి చెప్పింది. చిన్నమ్మ అంతా విని తట్టను గోడ మీదికి లాక్కుంది.

"మీ ఇంట్లో వద్దంటే మా ఇంట్లో. మాకు ఆ తీట్టూ మైలా లే, ఏమీ లే. ఉప్పు నా లెక్క."

"వద్దమ్మే. ఆయనకు దప్పిక..."

"దప్పికైతే అన్నను నా దగ్గరికే రమ్మను. చెంబుడు మజ్జిగ తాపించి పంపిస్తా. ఎన్నిసార్లు ఇయ్యలేదు, ఆయన ఉన్నప్పుడు?"

అమ్మకు నవ్వొచ్చింది. నాయన పోయాక అదే మొదలు. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ నవ్వు ఏడుపై చాలాసేపటికి గానీ ఆగలేదు.

ఆదివారం చిన్నమ్మ చర్చికి పోయివచ్చి, తన పెరట్లో చాప పరిచింది. అమ్మ మా పెరటి మెట్టు మీద కూర్చుంది. మధ్యన మోకాలెత్తు గోడ. నేను అమ్మ పక్కనే ఉన్నాను.

చిన్నమ్మ చకచకా కోసింది. చేదు చూడటానికి అన్నిటినీ కొరకలేదు, నాలుగైదు చూసి వదిలేసింది. అమ్మ కాస్త ముందుకు వంగింది. చిన్నమ్మ ముక్కలు తుడిచింది గానీ నీడన ఆరనివ్వలేదు. అమ్మ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. తర్వాత చిన్నమ్మ లోపలినుంచి పళ్ళెం నిండా ఒలిచిన వెల్లుల్లి తెచ్చింది.

"అక్కా, ఆవపిండి ఇది చాలునా?"

అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "నన్నడగొద్దమ్మే."

"చూసి చెప్పేదానికేమి?"

"నేను చెప్తే నేను పెట్టినట్టే."

చిన్నమ్మకు అర్థమైంది. తల ఊపి, ఇంక అడగకుండా తన ఇంట్లో ఎప్పుడూ ఎలా పెడుతుందో అలాగే పెట్టింది. మెంతిపొడి వేసింది. నూనె కాచి, ఆవాలు చిటపటమనిపించి, చల్లార్చి పోసింది. వెల్లుల్లి వాసన గోడ దాటి మా మెట్టు మీదికి వచ్చింది. ఒక్క మాట చాలు ఆపడానికి. ఆ మాట అంటే అందులోని ఉప్పు తన చేతి ఉప్పవుతుంది, అక్కడ ఆయనకు నాలుక ఎండుతుంది. అమ్మ ఆ మాట మింగి, జాడీకి మూత పెట్టి గుడ్డ కట్టేదాకా అక్కడే కూర్చుంది.

ఆ జాడీ ఏడాదంతా చిన్నమ్మ ఇంటి అటక మీద ఉంది. వాళ్ళు ఒక్క ముక్కైనా తీసుకోలేదు. చిన్నమ్మ అప్పుడప్పుడు తిరగకలిపి, "చెడలేదక్కా" అని గోడ మీదినుంచి చెప్పేది. ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం సరిగ్గా తినేది.

సంవత్సరీకం జరిగింది. అయ్యగారు వెళ్ళి, బంధువులు భోజనాలు చేసి, చివరి వరసలో అమ్మా అత్తా కూర్చున్నారు. చిన్నమ్మ జాడీని రెండు చేతులా పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

"ఏందది?" అంది అత్త.

"మీ తమ్ముని దోసకాయలు పెద్దమ్మా. ఉప్పు నాది."

ఇక గొడవే అనుకున్నాను. అత్త ఎంగిలి చెయ్యి ఆకు మీద ఆపి ఆ జాడీనే చూసింది. ఆమెకూ తమ్ముడు ఒక్కడే.

"వరుషం తిరిగిపొయ్యె గదా. ఏంటికి బయట నిలబడుకోనుండావు? ఇట్ల రా. పెట్టు నాకు."

చిన్నమ్మ ఇద్దరి ఆకుల్లోనూ వడ్డించింది. అత్త ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా, కళ్ళు మూసుకుని కూర్చుంది. అమ్మ ఒక ముక్క తిన్నది. ముక్క గట్టిగానే ఉంది, కరకరమన్న చప్పుడు నాకు వినబడింది. చిన్నమ్మ ఆత్రంగా చూస్తోంది.

"బాగుండాది" అంది అమ్మ. "శానా బాగుండాది తల్లీ."

మర్నాడు నేను మిల్లుకు బయలుదేరుతుంటే అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కనే ఆ జాడీ ఉంది.

"మీ నాయన దీన్ని తినడు కన్నూ" అంది. "వాసనకే లేచిపోతాడు."

అయినా ఆ జాడీలోది ఇంకెవరికీ పెట్టలేదు. రోజుకొక ముక్క ఆమే తిన్నది. వెల్లుల్లిని వేలితో ఆకు అంచుకు నెట్టి, ముక్కకున్న మసాలా తుడిచి, లోపలి కండ మాత్రం తినేది. ఆ కండ నాయన పెంచినది. అది నాకు తెలుస్తూనే ఉండేది. అందుకే ఆమె తినేటప్పుడు నేను మాట్లాడించేవాణ్ణి కాను.

ఆ తర్వాత వేసవికి మాకు పాదులు లేవు. మిల్లువాళ్ళు పెరళ్ళ వెనక కాలువను పూడ్చి, సిమెంటు వేసి, సైకిళ్ళకు షెడ్డు కట్టారు. దాచిన గింజలూ లేవు. గింజ కోసం కాయను పండనిచ్చి దాచడం కూడా ఆ ఏడు కూడదన్నారు కదా. అమ్మ నన్ను ఆర్.ఎస్. పురం మార్కెట్టుకు పంపి కాయలు తెప్పించింది. ఒక్కొక్కటీ తనే కొరికి చూసింది. తుడిచింది, నీడన ఆరబెట్టింది, పచ్చినూనె పోసింది. అన్నీ తన చేత్తో, తన పద్ధతిలోనే.

మూడోనాడు జాడీ తిరగకలిపి నాకు వేడన్నంలో ఒక ముక్క వేసింది.

"ఎట్లుండాది?"

"నాయన ఉన్నప్పటి మాదిరే ఉండాదిమ్మా."

నిజంగానే అలాగే ఉంది. ఆవఘాటు, ఉప్పు, పులుపు, దేనికీ వంక లేదు. అమ్మ కూడా ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

"కాయ వేరే" అంది.

జాడీకి మూత పెట్టి, గుడ్డ కట్టి, పిట్టగోడ మీద పెట్టి చిన్నమ్మను పిలిచింది. చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇంత మంచి ఊరుకాయ, నీకు కొంచెమన్నా ఉంచుకోలేదే" అంది. "మీరు తినండమ్మే, పిల్లలకు పెట్టు" అని అమ్మ లోపలికి వచ్చి, కందిపప్పు కడగడం మొదలుపెట్టింది.