ముందు నడిచిన సైకిలు

కిందటి ఫిబ్రవరిలో రెండో ఆదివారం, పొద్దున ఏడుంబావు. జగ్గయ్యపేట నుంచి చుట్టపుచూపుగా చెవిటికల్లు వెళ్లిన నేనూ మా ఆయనా కృష్ణ ఒడ్డున నడుస్తున్నాం. ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక.

నా వయసున్న ఒకావిడ సైకిలు తొక్కుకుంటూ వచ్చి మా పక్కన ఆగింది. వెనక రెండు సంచులు వేలాడుతున్నాయి.

"ఏం అమ్ముతున్నావమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "అమ్మడానికి కాదండి. నందిగామ నుంచి ఏరు చూద్దామని వచ్చా."

"ఒక్కదానివేనా?"

"మావారు వెనక వస్తున్నారండి. నాతో సమానంగా తొక్కలేరు."

నిజమే, దూరంగా ఒకాయన రొప్పుతూ తొక్కుతున్నాడు. నాకు కుళ్లు పుట్టింది. సైకిలు చూసి కాదు. నలభై ఏళ్లు మా ఆయన సైకిలు వెనక కూర్చుని ఊళ్లు తిరిగాను. నేను చూసిందల్లా ఆయన చొక్కా వీపు. ఈవిడ కళ్ల ముందు ఏరంతా ఉంది.

"ఒకసారి ఇటియ్యి, కాసేపు నడిపించుకుంటా వస్తా" అన్నాను. ఇచ్చింది.

"నీకెందుకే, పడతావు" అన్నాడు మా ఆయన.

"పడితే లేస్తా. నువ్వు వెనక రా."

ఆ రోజు ఒడ్డున ఉన్నది నలుగురం. అందరికన్నా ముందు సైకిలు పట్టుకుని నేను, మరియమ్మ. నా పక్కన సైకిలావిడ రత్నకుమారి. ఆ వెనక, ఈలోగా మమ్మల్ని అందుకున్న ఆవిడ భర్త ప్రసాదరావు. అందరికన్నా వెనక మా ఆయన ఏసోబు.